వాసిరెడ్డి వేంకటాద్రినాయుని వింతలు : అనుశ్రుతి విమర్శనము

ప్రసిద్ధపురుషుల చరిత్రములలో వారి పరిపాలనముకంటె వారి వింతనడవడియే జనులకుఁ బ్రీతికరమగుచుండును. ఎవఁడెంత శిస్తు వసూలు చేసెనో, ఏ యొడంబడికపై నెప్పుడు వ్రాలు చేసెనో చెప్పఁగలవారు పదిమంది యుండరు. ఎవఁడు బంగారముతో సరితూఁగెనో, ఎవని కంచములోని యన్నము పురుగులై కనఁబడెనో చెప్పఁగలవారు ఊరూరను గలరు. ఇది నిందింపవలసిన విషయము గాదు. వింతకథయు నొక సాక్ష్యమే. అయినను సాక్ష్యము నెల్ల నడుగవలసిన ప్రశ్నలు మూఁడు గలవు: చెప్పినవాఁ డెవఁడు? ఎవనికొఱకుఁ జెప్పెను? చెప్పక విడిచిన దేమి? మొదటి రెండును విమర్శకు లడుగుచునే యున్నారు. మూఁడవది యంతగా నడుగఁబడుట లేదు. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములనుండి కొండపల్లి చేరువనున్న జి.కొండూరు వఱకును గల మెట్టసీమ 2022 వఱకుఁ గృష్ణామండలమున నుండి పిమ్మట ఎన్.టి.ఆర్. జిల్లాలోఁ జేరినది. ఈ సీమ చరిత్రలో నా మూఁడవ ప్రశ్న నడుగుటకు రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయునికంటెఁ దగిన పురుషుఁడు లేఁడు.

చింతపల్లి జమీందారులగు వాసిరెడ్డివారి వంశమున నీయన 1783లో నధికారమునకు వచ్చి 1816లో గతించెను. కృష్ణకు రెండు గట్టులను ఆయనకు గ్రామము లుండెను. ఆ రెండు గట్టులును ఒక్కసారిగాఁ గుంపిణీవారి వశము కాలేదు. కొండపల్లి సర్కారు 1766 నాఁటి యొడంబడికచే వారికి సంక్రమింపఁగా, గుంటూరు సర్కారు 1788లోఁ గాని వారి చేతికి రాలేదు. అనఁగా నధికారమునకు వచ్చిన మొదటి యైదేండ్లును ఆయన ఏటి కుత్తరమునఁ గుంపిణీకిని, దక్షిణమున నిజామునకును బదులు చెప్పుకొనవలసినవాఁడు. పిమ్మట నాయన చింతపల్లిని విడిచి యమరావతిని దన నివాసనగరముగాఁ జేసికొనెను. బేతవోలను గ్రామము తండ్రియగు జగ్గయ్య పేర జగ్గయ్యపేటయైనది. తల్లియగు అచ్చమ్మ పేర అచ్చమ్మపేట వెలసినది. ఆంధ్ర దేవీభాగవతకర్తయగు ములుగు పాపయారాధ్యులవా రాయన యాదరణము నందిన విద్వాంసులు. ఇంతవఱకు వివాదము లేదు.

వివాద మాయన వింతలనుగూర్చినది. ఆ వింతలు మనదాఁక వచ్చిన దారులు మూఁడు: కైఫియత్తులు, చాటువులు, దేవాలయములయొద్దఁ జెప్పుకొను స్థలకథలు. కైఫియత్తులు కర్నల్ కాలిన్ మెకంజీ కాలమునఁ గావలి సోదరులు మొదలగువారి పరిశ్రమచే నూరూరను సేకరింపఁబడినవి. వానికి మూలము గ్రామకరణముల కవిలెలు, వారి జ్ఞాపకములు. కరణము కైఫియత్తు వ్రాయించునపుడు చరిత్ర వ్రాయవలెనని కూర్చుండలేదు. ఏ దేవునికి ఏ మాన్యము ఎవరిచ్చిరి, ఏ యగ్రహారము ఎవరి కాలమునాఁటిది యను సంగతులు క్రొత్త ప్రభుత్వము వారికిఁ దెలియవలెనని కూర్చుండెను. మాన్యము నిలుచుటకు దాత పేరు నిలువవలెను. కావునఁ గైఫియత్తులలో దానము కొలతలతోఁ గనఁబడును. ఆ దానమునకైన ధనమే పొలమునుండి వచ్చినదో కనఁబడదు. చాటువు సంగతి యింకను స్పష్టము. చాటుకవికి లోకమున రెండే జాతుల ప్రభువులు గలరు, ఇచ్చినవాఁడు, ఈయనివాఁడు. మూఁడవవాఁడు చాటువున కెక్కఁడు. స్థలకథను జెప్పువాఁ డర్చకుఁడు. ఆయన జీవనము దాత కట్టించిన కోవెలలోనే. ఈ మూఁడు దారులలోను మాటలాడినవారందఱును బుచ్చుకొన్నవారే. ఇందు వారిని దూషించుటకేమియు లేదు. సాక్షి యెచట నిలిచి చూచెనో తెలిసికొనుటయే యుద్దేశము.

దానకథలను ముందుగాఁ బరిశీలింపఁదగును. నాయుఁడు తన యెత్తు బంగారమును వెండిని దూఁచి విప్రులకుఁ బంచిపెట్టెనని యనుశ్రుతి. దీనిని విన్న యాధునికులు కొందఱు ధనమదమనియు, మఱికొందఱు వెఱ్ఱియనియు నందురు. రెండును సరిగావు. తులాపురుషదానము షోడశ మహాదానములలో మొదటిది. మత్స్యపురాణమున దాని విధి విస్తరముగాఁ జెప్పఁబడినది. అది సామాన్యగృహస్థు చేయున దిగాదు, రాజు చేయునది. అంతకంటె ముఖ్యమైన విశేష మొకటి గలదు. 1515లోఁ గొండవీటిని సాధించిన పిమ్మటఁ గృష్ణదేవరాయలు దేవేరులతో నమరావతికి వచ్చి, కృష్ణాతీరమున నమరేశ్వరుని సన్నిధిని దులాపురుషదానము చేసెను. ఆ యమరావతినే నగరముగాఁ జేసికొన్న జమీందారు త్రాసు నెక్కెనన్నచో, అది వింత గాదు, ఉత్తరాధికార ప్రకటనము. రాయలు నిలిచిన చోట నేనును నిలిచితినని యా త్రాసు పలుకుచున్నది. శాస్త్ర మెఱిఁగినవాఁడు దీని యర్థమును వెంటనే గ్రహించును. శాస్త్ర మెఱుఁగనివాఁడు నవ్వును. నవ్వినవాని వ్రాఁతయే పుస్తకములలోని కెక్కినది.

మంగళగిరి గోపురమును నిట్లే. ఎగువ నరసింహుని కొండ. దిగువ నాలయపుఁ దూర్పు ముంగిట 1807 మొదలు 1809 వఱకుఁ గట్టింపఁబడిన పదునొకండంతరువుల గోపురము. ఎత్తు 153 అడుగులు. ఒక జమీందారునకుఁ బదునొకండంతరువు లేల యని యాశ్చర్యపడువారు 1802ను జ్ఞాపకమునకుఁ దెచ్చుకొనవలెను. ఆ సంవత్సరపు 25వ రెగ్యులేషనుచేఁ జెన్నరాజధానిలో శాశ్వతపైసలా యేర్పడినది. పేష్కషు నిర్ణయమైనది, దానితోపాటు జమీందారునకు దండు నిలుపుకొను ప్రయోజనమును, తగవు తీర్చు నధికారమును, కావలి యధికారమును సన్నగిల్లినవి. తాత లాశ్వికులతోఁ దిరిగిన దారులలో మనుమఁడు శిస్తు కట్టువాఁడై మిగిలెను. అట్టి కాలమునఁ గోట కట్టించినచో ననుమానము, గోపురము కట్టించినచోఁ బుణ్యము. రెండును దూరమునుండి కనఁబడునవే. నాయుని నిర్మాణకాంక్ష నీ దృష్టితోఁ జూచినచో నందు వెఱ్ఱి యొక్కింతయుఁ గానరాదు. రాజ్యము పోయినవాఁడు రాజత్వమును నిలుపుకొను నుపాయము గానవచ్చును.

ఇచట జగ్గయ్యపేట యందలి యొక శిలాఫలకమును దలఁపకుండ నుండరాదు. జేమ్సు బర్జెస్ 1882లో నచటి బౌద్ధస్తూపమును ద్రవ్వించినపుడు లభించి, పిమ్మట మద్రాసు ప్రదర్శనశాల కెక్కిన చక్రవర్తి శిల్ప మది. రాజు చేయి పైకెత్తి నిలిచియుండును. మేఘములనుండి చతురస్రములగు నాణెములు వర్షించుచుండును. చుట్టును జక్రము, గజము, అశ్వము, స్త్రీ, మణి మొదలగు రత్నములు. ఈతఁడు మాంధాత యని పండితుల నిర్ణయము. బౌద్ధకథలో నా మాంధాత యింట బంగారపు వాన కురిసినది. కాని కథ యక్కడ నాఁగలేదు. ఇంద్రుని యర్ధాసనముతోఁ దృప్తినొందక సర్వాసనమును గోరి యాతఁడు క్రిందఁబడెను. శిల్పి వానను జెక్కెను, పాటును జెక్కలేదు. రెండువేలయేండ్లకుఁ బూర్వమును దానవీరుని చిత్రము దాతకుఁ బ్రియమగు ఘట్టమువద్దనే నిలిచిపోవుచుండెనని దీనిచేఁ దెలియుచున్నది.

అమరావతి స్తూపమునుగూర్చిన వింత మఱియొక తీరుది. క్రొత్తనగరమునకు రాళ్ళు కావలసి దీపాలదిన్నె యను దిబ్బను నాయుని మనుష్యులు త్రవ్వుచుండఁగాఁ జెక్కడపుఁ బలకలు బయల్పడినవి. ఆ వార్త విని మెకంజీ 1797లోఁ జూడవచ్చెను. అతఁడు మరల 1816లో వచ్చునప్పటికి దిబ్బ నడుమఁ జెఱువు త్రవ్వఁబడుచుండెను. శిల్పములను మెట్లకును గోడలకును వాడించిన మూర్ఖుఁడని నాయుని దూషించుట పరిపాటియైనది. ఆ దూషణమున సగమే సత్యము. ఆయన త్రవ్వింపనిచో నా దిబ్బ పేరు మెకంజీ చెవిఁ బడియుండెడిది గాదు. తరువాత 1845లో వాల్టరు ఎలియట్ త్రవ్వించిన పలకలు మద్రాసు చేరి, యందుఁ బెక్కు లండను బ్రిటిషు మ్యూజియమున కెక్కినవి. వానిని సముద్రము దాఁటించినవానిని మూర్ఖుఁడని యెవ్వరును ననలేదు. పాడుచేయుట యెవరికైనను బాడుచేయుటయే కాని, ఒకనికి మూర్ఖత్వమును, మఱియొకనికి విద్యావ్యాసంగమును నగుట విమర్శకుఁ డొప్పుకొనరాదు.

ఇంతవఱకుఁ జెప్పిన వింతలలో హాని యల్పము. ఇఁక నరుకుళ్ళపాటి కథ. అమరావతి ప్రాంతమున నున్న గ్రామ మిది. చెంచులు దోపిడి చేయుచున్నారని నాయుఁడు వారిని భోజనమునకుఁ బిలిపించి, వచ్చినవారిని వచ్చినట్లే తలలు నఱికించెననియు, ఆ స్థలమే యీ గ్రామమనియు ననుశ్రుతి. సంఖ్యయందుఁ గథనములు భిన్నములు; నూటయేఁబదియని కొందఱు, ఆఱువందలని కొందఱు. పిమ్మట నాయుఁడు భోజనమునకుఁ గూర్చుండినప్పుడెల్ల నన్నము పురుగులుగాఁ గనఁబడ నారంభించెననియు, ఆ బాధ తీఱుటకై తీర్థయాత్రలు సలిపి, దేవాలయములను గట్టించి, యమరేశ్వరుని సేవించెననియుఁ గథ. చేబ్రోలు చతుర్ముఖ బ్రహ్మాలయమునుగూడ నీ కథతోనే ముడిపెట్టువారు గలరు.

గ్రామనామము నాధారముగాఁ జేసికొని కథను స్థాపింపఁ జూచువారికి భాషావేత్తలు చెప్పఁదగిన యాక్షేపణ యొకటి గలదు. 'పాడు' అంతమందుఁ గల గ్రామనామములు శాసనములలోఁ బ్రాచీనకాలమునుండియుఁ గలవు. వేంకటాద్రినాయునికి ముందున్న పేరునకే యీ కథ తరువాత నంటింపఁబడి యుండవచ్చును. నామము కథను బుట్టించుట, కథ నామమును మార్చుట, రెండును దెలుఁగునాఁట సర్వసాధారణములు. కావున నొక్క నామమే సాక్ష్యము గాఁజాలదు. అయినను నాక్షేపణ యక్కడితో ముగియదు. ఆ పేరునకు నర్థము చెప్పవలసివచ్చినపుడు జనులు వేఱొక దొరను గాని, వేఱొక దోపిడిని గాని తలఁపక, కోవెలలు కట్టించిన యీ మహాదాతనే యేల తలఁచిరి? దానములకుఁ జేతులు చాఁచిన దేశమే యీ కథను మఱవక నిలుపుకొన్నది. పుచ్చుకొన్నవారి నోట వెలువడిన నింద యగుటచే దీనికి స్తుతికంటె నెక్కువ విలువ యీయవలెను.

కథ కూర్పును జూచినను జెప్పినవారి బుద్ధి సూక్ష్మమని తేటపడును. నేరము భోజనము పేరఁ జేయఁబడినది; శిక్షయు భోజనముననే కలిగినది. కన్ను పోలేదు, కాలు పోలేదు, రాజ్యము పోలేదు, అన్నము పోయినది. అన్నదాతయని పేరుపొందిన వానికిఁ దన విస్తరి పనికిరాకపోయినది. దొంగలను శిక్షించుట జమీందారుని విధియే కదా, ఆ కాలపు న్యాయమును నేఁటి తూనికతోఁ దూఁచరాదు కదా యని వాదించువారున్నారు. ఆ వాదమునకుఁ గథయే యుత్తరము చెప్పుచున్నది. దొంగను బట్టి శిక్షించినయెడల నన్నము పురుగులు గావలసిన పనిలేదు. విస్తరి వేసి పిలిచి చంపుట యే కాలపు న్యాయమునందును లేదు. అతిథులను భోజనమునకుఁ బిలిచి చంపిన యిల్వలుని కథ భారతారణ్యపర్వమునఁ గలదు. ఇల్వలుని వింతనడవడి యని దాని కే పౌరాణికుఁడును బేరు పెట్టలేదు. భీమునకు విషాన్నము పెట్టిన సుయోధనుని నడవడియు వినోదకథలలోఁ జేరలేదు. పురాణములు చదువు దేశమునకు న్యాయము నేర్పువారు క్రొత్తగా రానక్కఱలేదు.

కాని యీ కథలోనే లోపమును గలదు. పురుగులు కనఁబడిన క్షణమునుండి కథ నాయునిదే యైపోయినది. ఆయన బాధ, ఆయన పశ్చాత్తాపము, ఆయన యాత్రలు, ఆయన కోవెలలు. తలలు పోయినవారు మరలఁ గథలోనికి రారు. వారి పేర్లు లేవు. వారి భార్యలు, బిడ్డలు ఏమైరో లేదు. వారు నిజముగా దోఁచిరా, దోఁచినచో నెవరిని, ఏ యాఁకలిచే నను ప్రశ్న లేదు. కృష్ణ కెగువ నల్లమల యడవులలోఁ జెంచులు శ్రీశైల యాత్రికుల దారి కావలి కాచి రుసుము పుచ్చుకొనువారుగాఁ గూడ నుండిరి. కావలికానికిని దోపిడికానికిని నడుమ గీఁత గీచువాఁ డెప్పుడును బొలము గలవాఁడే, అడవి గలవాఁడు గాఁడు. చంపినవాఁడే దుఃఖపాత్రుఁడై, చచ్చినవా రాతని రోగమునకుఁ గారణమై మిగులుట యీ స్థలకథ ఫలితము. కైఫియత్తులో శిస్తు కనఁబడనట్లే స్థలకథలోఁ జెంచులు కనఁబడరు.

ఇట్టి మఱపు తెలుఁగువారికే యబ్బినది గాదు. అమెరికా సంయుక్తరాష్ట్రముల చరిత్రలోఁ బ్రసిద్ధుల వింతలను జెప్పుకొనుట యొక ప్రత్యేకవాఙ్మయముగాఁ బెరిఁగినది. అందు మొదటి వరుసలో నుండువాఁడు న్యూబరీపోర్టు వర్తకుఁడగు తిమోతి డెక్‌స్టర్. 1747లోఁ బుట్టి 1806లోఁ జనిపోయెను గనుక మన నాయునికి సమకాలికుఁడే. శయ్యను వెచ్చఁజేయు నిప్పుపళ్లెములను ఉష్ణదేశమగు వెస్టిండీసులకు నోడ కెక్కించి, యచట నవి బెల్లపుఁబాకమునకు గరిఁటెలుగా నమ్ముడుపోఁగా లాభము గడించెనని యాతనిఁ గూర్చి చెప్పుదురు. 1802లో నొక చిన్నపుస్తకము ప్రకటించెను. అందు విరామచిహ్నము లొక్కటియు లేవు. పాఠకులు గొణుగఁగా, మఱియొక కూర్పునఁ జివర నొక పుటనిండఁ జుక్కలు, గీఁతలు అచ్చువేయించి, ఉప్పు మిరియమువలె వలసినచోఁ జల్లుకొనుఁడని చెప్పెను. వ్యాకరణపండితులు గూడ నవ్వఁదగిన వింత. ఆతనిదే మఱియొక వింత గలదు. బ్రదికియుండఁగాఁ దన యంత్యక్రియలను దానే జరిపించుకొని, జనులు దుఃఖించుటను జాటుననుండి చూచెను; భార్య తగినంత యేడ్వలేదని పిమ్మట నామెను బెత్తముతోఁ గొట్టెను. చుక్కల పుటయు బెత్తపు దెబ్బయు నొక్క జాబితాలో నొకదాని క్రింద నొకటిగా వ్రాయఁబడుచుండును. మొదటిదానికి నవ్వినవాఁడు రెండవదానికిని నవ్వుచునే యుండును. జాబితా చేయు మాయ యదియే.

ఏడవ యధ్యక్షుఁడగు ఆండ్రూ జాక్‌సన్ సంగతి యింకను బెద్దది. 1835లో నొక పాడిరైతు 1,400 పౌనుల జున్నుగడ్డ నాయనకుఁ గానుక పంపెను. 1837 ఫిబ్రవరి 22వ తేదీని రాష్ట్రపతిభవనపు ద్వారములు తెఱచి జనులను బిలువఁగా, రెండు గంటలలో నది మాయమయ్యెననియు, వాసనమాత్రము చిరకాలము నిలిచెననియుఁ జెప్పుదురు. ఆ జాక్‌సనే 1830 మే నెలలో నాదిమజాతులను మిసిసిపి నదికిఁ బశ్చిమమునకుఁ దరలించు శాసనముపై వ్రాలు చేసెను. దానిననుసరించి 1838-39లోఁ జెరోకీలు తరలింపఁబడినపుడు త్రోవలోను శిబిరములలోను మరణించినవారు సుమారు నాలుగువేలని లెక్క. జున్ను కథ యెఱిఁగినవాఁడు చెరోకీల కథను దప్పక యెఱుఁగవలెనను నియమ మెచటను లేదు. విందు పిలిచినవాని పేరు నిలిచినది, వెడలఁగొట్టఁబడినవారి పేర్లు లెక్కలోఁ గలసినవి. అమరావతికిని వాషింగ్టనునకును దూరమెంతయైనను నీ పద్ధతిలో దూరము లేదు.

వింతలన్నియు నట్టివే యనుట యుద్దేశము గాదు. శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జాషువా నార్టను 1859లోఁ దన్నుఁ దాను సంయుక్తరాష్ట్రముల చక్రవర్తిగాఁ బ్రకటించుకొని, 1880లోఁ జనిపోవువఱకు నా భ్రమతోనే వీధులఁ దిరిగెను. ఆతఁడచ్చువేయించిన చీట్లను గొందఱు వర్తకులు దయతోఁ బుచ్చుకొనిరి. ఆతనిచే నెవ్వనికిని గీడు కలుగలేదు. వింతనడవడి యను మాట కింతకంటె శుద్ధమగు నుదాహరణము దొరకదు. నార్టను వింతకును నరుకుళ్ళపాటికిని నొక్కటే మాట వాడుటవలన మాట చెడును, చరిత్రయుఁ జెడును.

వేంకటాద్రినాయుని దత్తతల సంగతి సాధారణముగా వింతలలోఁ జేర్పఁబడదు, చేర్పఁదగినది మాత్రము. సంతానము లేమిచే నాయన యొకని దత్తుచేసికొని, యాతఁడు జీవించియుండఁగానే మఱియొకనిని దత్తుచేసికొనెను. జగన్నాథబాబు, రామనాథబాబు అను వీరిరువురి పక్షములకును గలిగిన వ్యాజ్యము నాయుఁడు గతించిన పిమ్మట దశాబ్దములు నడచి, రంగమ్మ, అచ్చమ్మ అనువారి పేరఁ బ్రీవీకౌన్సిలు వఱకు నెక్కినది. మొదటి దత్తుఁడు బ్రదికియుండఁగా రెండవ దత్తత చెల్లదని 1846 నాఁటి యా తీర్పు హిందూ ధర్మశాస్త్ర గ్రంథములలో నేఁటికిని బ్రసిద్ధము. త్రాసు నెక్కిన బంగారముకంటె నీ రెండవ దత్తత వెల యెక్కువ. వ్యాజ్యము నడచుచుండఁగానే 1832-33 నాఁటి నందన కఱవు గుంటూరిసీమను ధ్వంసము చేసినది. ఏండ్లకొలఁది న్యాయస్థానములఁ దిరుగు కక్షిదారులకుఁ జెఱువుగట్టు మరమ్మతు తలఁపునకు రాదు. దాని ఫలము రైతు కుడిచెను. ఈ కథకుఁ జాటువు లేదు, స్థలకథ లేదు. గోపురములవలె దూరమునుండి కనఁబడునది గాదు.

నాయుని చరిత్రమును దెలుఁగున వ్రాసినవారు ప్రాయికముగా రెండు తెగలు. ఒక తెగవా రాయనను గలియుగకర్ణునిఁగాఁ జేసి, చెంచుల సంగతిని ఒక వాక్యమున, అదియుఁ బశ్చాత్తాపముతో ముడిపెట్టి, ముగింతురు. రెండవ తెగవారు దొరల మాన్యుయళ్ళలోని వెక్కిరింతను దెలుఁగు చేసి, యాతని దానములన్నింటిని మతిచాంచల్యముగాఁ జూపుదురు. మొదటివారు క్రూరకార్యమును వింతగాఁ దగ్గించిరి. రెండవవారు శాస్త్రీయకార్యమును వింతగా దిగజార్చిరి. దానము రాజనీతి, నరుకుళ్ళపాటి కథ చెప్పునది హత్య. వానిని వేఱుపఱచి, దేని పేరుతో దానిని బిలిచినపుడు నాయుని ప్రతిభ తగ్గదు. ఆయన నిజముగాఁ జతురుఁడనియే తేలును. చతురుఁడని తేలినకొలఁది నా విందునకు బాధ్యతయు బరువెక్కును. మతిలేనివాని కొక సాకు గలదు. రాయల త్రాసునకుఁ దన త్రాసును జతపఱుపఁగలిగినవానికి నా సాకు లేదు.

ఈ సీమ పాఠశాలలలోఁ జరిత్ర చెప్పు పండితులు బాలురను మంగళగిరికిఁ దీసికొనిపోయి గోపురపుటంతరువులు లెక్కపెట్టించుట మంచిదే. ఊళ్ళ పేర్లు చెప్పించునపుడు జగ్గయ్యపేట యెవరి పేర, అచ్చమ్మపేట యెవరి పేర నని యడుగుచున్నారు. బాలురు తండ్రి పేర, తల్లి పేర నని యుత్తరము చెప్పుచున్నారు. ఆ రెండు ప్రశ్నల వెంటనే నరుకుళ్ళపాడును గూడ నడుగుట, ఆ పేరునకుఁ జెప్పుకొను కథ యేదో, ఆ కథలో నెవరి పేర్లు లేవో చెప్పించుట, బోధకులకుఁ గష్టమైన పని గాదు.